‘కలరా అని రాసేయమంటున్నారు’: ఒక మండల విలేకరి ఉత్తరానికి జవాబు

ప్రశ్న: గురువుగారికి నమస్కారం. విజయనగరం జిల్లాలో ఒక మండలానికి కంట్రిబ్యూటర్‌గా పనిచేస్తున్నాను. మా మండలంలో ఒక ఊళ్లో నాలుగు రోజులుగా వాంతులు, విరేచనాలు. హైస్కూల్లో వైద్య శిబిరం పెట్టారు. ఇద్దరు ముసలివాళ్లు చనిపోయారు. వాళ్లలో ఒకాయన గుండె జబ్బుతో పోయాడని డాక్టరుగారు అంటున్నారు. ఊళ్లో మాత్రం నలుగురు పోయారంటున్నారు. ఒక యూట్యూబ్ ఛానల్ ఏకంగా ఏడుగురని వేసేసింది. ‘కలరా అని రాసి పంపు, బ్యానర్ పెడతాం’ అని డెస్క్ నుంచి ఫోన్. ‘రెండు రోజులు ఆగు బాబూ, జనం భయపడిపోతారు’ అని పీహెచ్‌సీ డాక్టరు. ‘ఊరి పేరు రాస్తే మా పిల్లలకి సంబంధాలు రావు’ అని సర్పంచి. ట్యాంకులో ఎవరో విషం కలిపారని వాట్సాప్‌లో ఒక వాయిస్ తిరుగుతోంది. అది మా మేనత్త వాళ్ల ఊరు కూడా. ఎవరి మాట వినాలో, ఏం రాయాలో తెలియక టెన్షన్‌గా ఉంది. దారి చెప్పగలరు.

జవాబు:

తమ్ముడూ,

ముందు కలరా సంగతి తేల్చేద్దాం. రాయొద్దు. ల్యాబ్ రిపోర్టు వచ్చి, అందులో కలరా క్రిమి ఉందని తేలితే, ఆ మాట ఏ అధికారి చెప్పారో పేరు పెట్టి అప్పుడు రాయి. అంతవరకూ అది అతిసారం. రోగిని చూసి అది కలరానో, ఇంకో బ్యాక్టీరియానో, వైరస్సో ఎదురుగా ఉన్న డాక్టరే ఖాయంగా చెప్పలేడు. నలభై కిలోమీటర్ల దూరంలో కూర్చున్న సబ్ ఎడిటర్ ఎలా చెబుతాడు? మల నమూనా తీసి కల్చర్‌కి పంపాలి, అక్కడ క్రిమి పెరిగి కనబడాలి. దానికి రెండు మూడు రోజులు పడుతుంది. యాంటీబయాటిక్ వేశాక తీసిన నమూనాలో అది దొరక్కపోవచ్చు కూడా. కాబట్టి డాక్టరు దగ్గరికి వెళ్లి ‘కలరాయేనా సార్?’ అని అడిగితే నీకు వచ్చేది తల ఊపడమో, విసుక్కోవడమో. ఎంత మంది దగ్గర నమూనాలు తీశారు, మందులు మొదలెట్టక ముందా తర్వాతా, ఏ ల్యాబ్‌కి పంపారు, రిపోర్టు ఎప్పుడొస్తుంది అని అడుగు. జవాబులు దొరికితే అదే వార్త. ‘ఇంకా పంపలేదు’ అన్నారా, అది ఇంకా పెద్ద వార్త.

డాక్టరుగారు చెప్పిన ‘రెండు రోజులు ఆగు’ కూడా ఒప్పుకోకు. కలరాలాంటి జబ్బు, క్రిమి కడుపులోకి వెళ్లిన కొన్ని గంటల నుంచి అయిదు రోజుల లోపల బయటపడుతుంది. నువ్వు ఆగే ఆ రెండు రోజులూ ఊరు అవే కుళాయి నీళ్లు తాగుతుంది. పక్క వీధిలో పది మంది మంచం పట్టారని ఊరందరికీ తెలుసు. పేపర్లో మాత్రం ఒక్క ముక్క లేదంటే అప్పుడు పుడుతుంది అసలు భయం. నీకు వచ్చిన ఆ విషం వాయిస్ అలాంటి ఖాళీలోనే పుట్టింది. అలాగని ఆయన్ని విలన్‌ని చేయకు. రాత్రీ పగలూ సెలైన్లు పెడుతున్న మనిషి, పైనుంచి ‘ఎందుకు బయటికి పొక్కింది’ అని ఫోన్లు వస్తుంటాయి. ‘రాయకుండా ఉండలేను సార్, తప్పు రాయకుండా ఉండటానికి సాయం చేయండి’ అను. చాలామంది మెత్తబడతారు. ఏయే లక్షణాలుంటే వెంటనే శిబిరానికి రావాలో, ఏం తాగాలో ఆయన చేతే చెప్పించి, ఆయన పేరుతోనే వేయి. రేపు నువ్వు అడిగే గట్టి ప్రశ్నలకి ఆయన ఫోన్ ఎత్తుతాడు.

ఇక చావుల లెక్క. నిన్ను నిద్ర పోనివ్వనిది ఇదేనని ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. 2024 అక్టోబరులో మన జిల్లా గుర్లలో అతిసారం ప్రబలినప్పుడు ఏమైందో నీకూ గుర్తుండే ఉంటుంది. మృతుల సంఖ్య మీద అధికారులది ఒక మాట, ఊరివాళ్లది ఒక మాట, పార్టీలది తలా ఒక మాట. ప్రభుత్వం సీనియర్ ఐఏఎస్ అధికారితో విచారణ చేయించే దాకా వెళ్లింది. పెద్ద నాయకులు పరామర్శకి వచ్చాక గొడవంతా ఎంత మంది పోయారన్న దాని చుట్టూ తిరిగింది. ఎందుకు పోయారన్నది వెనక్కి పోయింది.

లెక్క తేడా వచ్చిన ప్రతిసారీ దాపరికమే అనుకోకు. షుగరో, గుండె జబ్బో, కిడ్నీ సమస్యో ఉన్న డెబ్బయ్యేళ్ల మనిషికి ఒక్క రాత్రిలో పదిహేను విరేచనాలయితే ఒంట్లో నీరంతా పోతుంది, బీపీ పడిపోతుంది, గుండె ఆగిపోతుంది. డాక్టరు కాగితంలో అది గుండె. కొడుకు కళ్లలో అది విరేచనాలు. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడటం లేదు. మరణ కారణ ధ్రువపత్రంలో దీనికి చోటుంది. ఆసుపత్రిలో పోతే ఫారం 4, బయట పోతే 4ఏ. చివరికి ప్రాణం తీసింది ఏది, దానికి దారి తీసింది ఏది అని వరుసగా రాయాలి. ‘గుండెపోటు’ అన్న అధికారిని ‘దాని కింది వరసలో ఏం రాశారు సార్?’ అని అడిగి చూడు. అక్కడ అతిసారం అని ఉంటే నీ వార్త తేలిపోయినట్టే. ఏమీ రాయలేదంటే, రాయలేదనే రాయి.

నోట్‌బుక్‌లో ఒక పేజీకి అడ్డంగా నిలువుగా గీతలు కొట్టుకో. పేరు, వయసు, వీధి, విరేచనాలు ఎప్పుడు మొదలయ్యాయి, ఎక్కడ చూపించారు, ఎప్పుడు పోయారు, ఈ సంగతి నీకు చెప్పింది ఎవరు, ఇంకెవరు ధ్రువీకరించారు. పేర్లు నీ దగ్గరే ఉంటాయి, పేపర్లోకి రావక్కర్లేదు. ఊళ్లో చెప్పే నలుగురి ఇళ్లకీ స్వయంగా వెళ్లు. నలుగురిలో ఒకరు పక్షవాతంతో ఆర్నెల్లుగా మంచంలో ఉన్న మనిషని తేలవచ్చు. శిబిరానికి రాకుండా ఆర్‌ఎంపీ దగ్గర చూపించుకుని ఇంట్లోనే పోయిన అయిదో మనిషి బయటపడవచ్చు, ఆ మనిషి అధికారుల లెక్కలోనూ ఉండడు, యూట్యూబ్ లెక్కలోనూ ఉండడు. అప్పుడు నువ్వు ఇలా రాయగలవు: ‘నలుగురు మృతి చెందినట్టు గ్రామస్థులు చెబుతున్నారు. వీరిలో ఇద్దరికి చనిపోయే ముందు వాంతులు, విరేచనాలు అయినట్టు కుటుంబ సభ్యులు, వైద్య సిబ్బంది ఇద్దరూ తెలిపారు. ఒకరు దీర్ఘకాలిక అనారోగ్యంతో ఉన్నారు. మరొకరి మరణానికి కారణం తెలియాల్సి ఉంది.’ చప్పగా ఉంటుంది నిజమే. వారం తర్వాత కూడా అందులో ఒక్క అక్షరం దిద్దుకోవాల్సిన పని రాదు.

బాధితుల సంఖ్యలోనూ ఇదే తిరకాసు. ఇప్పటిదాకా మొత్తం ఎంత మంది, ఇప్పుడు పడక మీద ఎంత మంది, ఇవాళ కొత్తగా వచ్చింది ఎంత మంది. మూడూ వేర్వేరు, మూడూ అడగాలి. తగ్గిపోయి ఇంటికెళ్లిన వాళ్లని కలిపి ‘80 మందికి చికిత్స’ అని వేస్తే ఎనభై మంచాలు కళ్లముందు కనబడతాయి. శిబిరం పెట్టిన మొదటి రోజు లెక్క ఎప్పుడూ పెద్దదిగానే వస్తుంది, ఎందుకంటే మూడు రోజులుగా ఇళ్లల్లో మూలుగుతున్న వాళ్లంతా ఒక్కసారిగా వస్తారు. దాన్ని ‘ఒక్కరోజే విజృంభణ’ అనకు. జబ్బు మొదలైన తేదీ అడిగి రాసుకుంటే నిజంగా పెరుగుతోందో తగ్గుతోందో నీకే కనబడుతుంది. ఊరి జనాభా ఎంతో పక్కన రాయడం మరిచిపోకు. మూడు వందల మంది ఊళ్లో నలభై కేసులూ, మూడు వేల మంది ఊళ్లో నలభై కేసులూ ఒకటి కావు.

ఆరోగ్య శాఖ లోపల కూడా మూడు రకాల కాగితాలుంటాయి. 2004లో మొదలై దేశమంతా నడుస్తున్న సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమంలో ఏఎన్ఎం లక్షణాలు చూసి పంపేది ఎస్ ఫారం, డాక్టరు పరీక్షించి ఫలానా జబ్బని అనుమానించేది పి, ల్యాబ్‌లో తేలింది ఎల్. అధికారి ఒక అంకె చెప్పగానే ‘ఇది ఏ లెక్క సార్, లక్షణాలదా ల్యాబ్‌దా?’ అను. డెంగీ సీజన్‌లో ఈ ప్రశ్నతోనే సగం గొడవ తీరిపోతుంది. ప్రైవేటు ల్యాబ్‌లో కార్డు పరీక్షలో పాజిటివ్ వస్తే జనం డెంగీ అంటారు. ఎలైజా అనే ల్యాబ్ రక్త పరీక్షలో తేలితేనే ప్రభుత్వం డెంగీగా లెక్కేస్తుంది. అందుకే ఊళ్లో వంద, కాగితంలో పన్నెండు. ఈ తేడా ఎందుకో పాఠకుడికి ఒక్క వాక్యంలో చెప్పినా ‘దాస్తున్నారు’ అన్న అనుమానం కొంత తగ్గుతుంది. నిజంగా దాస్తున్నప్పుడు పట్టుకోవడమూ తేలికవుతుంది.

ఇంతసేపు లెక్కల గురించి చెప్పాను కానీ, నన్నడిగితే నీ మొదటి వార్త చావుల మీద ఉండకూడదు. నీళ్ల మీద ఉండాలి. ఆ ఊళ్లో ఈ రాత్రి బతికున్న వాళ్లకి పనికొచ్చేది అదే.

శిబిరం దగ్గర ఫొటో తీసుకుని వెనక్కి వచ్చేయకు. ట్యాంకు దగ్గర మొదలుపెట్టి పైపు వెంట నడువు. ట్యాంకు మీద ఎప్పుడు కడిగారో తేదీ రాసి ఉంటుంది, ఉండాలి. చాలాచోట్ల పాత తేదీ మీద కొత్త తేదీ సున్నంతో పూసి ఉంటుంది, గోకితే తెలుస్తుంది. పైపు మురుగు కాలువ దాటే చోట వంగి చూడు. కరెంటు పోయి నీళ్లు ఆగినప్పుడు పైపులో ఒత్తిడి పడిపోయి, కన్నం ఉన్నచోట కాలువ నీరు లోపలికి లాక్కుంటుంది. కుళాయి గుంటలో కిందికి దిగి నీళ్లు పట్టుకుంటున్నారా? మన దగ్గర ఒత్తిడి చాలక ఇంటి ముందు గుంట తవ్వి, అందులో బిందె పెట్టి పట్టుకోవడం ఎన్ని ఊళ్లల్లో లేదు! వాన పడితే ఆ గుంటలోకి వచ్చేది ఏమిటో నీకు చెప్పక్కర్లేదు.

తర్వాత క్లోరిన్. మన దేశ ప్రమాణం ప్రకారం కుళాయి నీళ్లలో లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. అది ట్యాంకు దగ్గర కాదు, చిట్టచివరి ఇంటి కుళాయి దగ్గర చూడాలి. చిన్న గొట్టంలో నీళ్లు పోసి మందు చుక్కలు వేస్తే పసుపు రంగు రావాలి. రంగు రాలేదంటే క్లోరిన్ లేనట్టే. గ్రామీణ నీటి సరఫరా విభాగం వాళ్ల దగ్గర ఇంకో చిన్న సీసా ఉంటుంది. అందులో నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే, మలం కలిసిన నీళ్లయితే నల్లగా మారుతుంది. ఏ కుళాయి దగ్గర, ఏ రోజు, ఎన్ని సీసాలు పెట్టారు, ఎన్ని నల్లబడ్డాయి అని అడిగితే, ఆ ప్రశ్న ముందెప్పుడూ ఎవరూ అడగలేదని వాళ్ల మొహం చూస్తేనే తెలుస్తుంది.

ఇంకో చిన్నమాట. వీధి పొడవునా బ్లీచింగ్ తెల్లటి గీతలు గీసి, పక్కన అధికారులు నిలబడే ఫొటో నీకు తప్పకుండా పంపుతారు. దయచేసి ఆ ఫొటో వేయకు. రోడ్డు మీద చల్లిన బ్లీచింగ్‌తో పైపులో నీళ్లు బాగుపడవు. కొత్త బ్లీచింగ్‌లో మూడో వంతు దాకా పనికొచ్చే క్లోరిన్ ఉంటుంది, మూట విప్పి తేమలో పడేస్తే అది ఎగిరిపోతుంది. పంచాయతీ ఆఫీసు మూలన ఉన్న ఆ బస్తా ఎప్పటిదో చూసి రాస్తే ఆ ఫొటో కంటే ఎంతో నయం.

పచ్చకామెర్లయితే ఈ వెతుకులాట వేరు. 2025 అక్టోబరులో కురుపాం గిరిజన బాలికల గురుకులంలో అమ్మాయిలు కామెర్లతో ఆసుపత్రుల పాలైన సంగతే చూడు. అక్కడ ఆ రోజు నీళ్లు, ఆ రోజు అన్నం చూస్తే లాభం లేదు. కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఏ వైరస్ బయటపడటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. తప్పు చేసిన నీళ్లు నెల కిందటివి. అలాంటప్పుడు నెల కిందట మోటారు ఎప్పుడు పాడైంది, అప్పుడు నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చారు, ప్యూరిఫయర్ ఎప్పటి నుంచి పనిచేయడం లేదు అన్నవి అడగాలి.

నీళ్ల వార్త పక్కనే ఒక బాక్స్ ఉండాలి. శిబిరం ఎక్కడ, ఎప్పటిదాకా, 108. నీళ్లు తెర్లే దాకా కాచి చల్లార్చి తాగాలి. విరేచనాలవుతుంటే నీళ్లు తాగితే ఇంకా పోతాయన్న నమ్మకం మనవాళ్లలో గట్టిగా ఉంది, అది ప్రాణం తీస్తుందని సూటిగా రాయి. ఓఆర్‌ఎస్ పొట్లం లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి. పసిపిల్లలకి తల్లిపాలు ఆపకూడదు. కళ్లు లోపలికి పోయినా, మూత్రం రాకపోయినా, మగతగా ఉన్నా ఆగకుండా ఆసుపత్రికి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో సెలైన్లు అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ఉప్పు-చక్కెర నీళ్లనే డ్రమ్ముల్లో కలిపి పెట్టించారు. అక్కడ ముప్పై శాతం దాకా ఉన్న మరణాలు నాలుగు శాతం లోపలికి దిగాయి. బ్యానర్ కంటే ఈ బాక్స్ గొప్పదని డెస్క్‌తో వాదించాల్సి వస్తే ఈ సంగతి చెప్పు. ఫొటోలో మాత్రం ప్రభుత్వ ఓఆర్‌ఎస్ పొట్లమే ఉండేట్టు చూసుకో. ఓఆర్‌ఎస్ అని పేరు పెట్టుకుని అమ్మిన తీపి డ్రింకుల మీద హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. పాత సరుకు కొట్లో ఉంటే జనం అదే కొంటారు.

సర్పంచిగారి బాధ ఉత్తిది కాదు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు అంటుకునేది కాదు, అయినా ఆ ఊళ్ల పేరు చెబితే సంబంధాలు వెనక్కి పోతున్నాయని అక్కడివాళ్లు ఎన్నాళ్లుగానో చెబుతున్నారు. ఊరి పేరూ మనుషుల పేర్లూ జబ్బులకి పెట్టొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పడం వెనక ఉన్నదీ ఇలాంటి అనుభవాలే. కానీ నీ విషయంలో ఊరి పేరు రాయక తప్పదు. అదే పథకం నీళ్లు తాగే పక్క ఊళ్లవాళ్లకి తెలియాలి, ఆ ఊరికి మొన్న చుట్టపుచూపుగా వెళ్లొచ్చిన వాళ్లకి తెలియాలి. ఊరి పేరు రాసి, ఇలాంటి జబ్బు ఎక్కువగా పాడైన నీళ్ల వల్ల వస్తుంది, పక్కన కూర్చుంటే మాట్లాడితే వచ్చేది కాదు అని మొదటి నాలుగు వాక్యాల్లోనే రాయి. తగ్గిపోయాక తగ్గిందని అదే సైజులో రాయి. సర్పంచికి నువ్వివ్వగలిగిన హామీ అంతే.

వీధి విషయంలో మాత్రం జాగ్రత్త. మన ఊళ్లల్లో పైపు చివర ఉండేది, నీళ్లు చివరికి అందేది ఎస్సీ కాలనీకే. జబ్బు అక్కడ ఎక్కువగా ఉంటుంది. ‘కాలనీలో పుట్టి ఊళ్లోకి పాకింది’ అని రాశావో, కారణం తెలియకుండానే నింద వేసినట్టు. ‘కాలనీకి వేసిన పైపు ఎనిమిదేళ్లుగా మురుగు కాలువలోంచే వెళ్తోంది, ఫిర్యాదు చేసినా మార్చలేదు’ అని తేలి రాశావో, అది వార్త. మొదటి రోగి వేట కూడా మానుకో. ఫలానా తేదీన చెన్నై నుంచి వచ్చిన మేస్త్రి అని రాస్తే పేరు రాయకపోయినా ఊరంతటికీ తెలిసిపోతుంది. 2020లో కోవిడ్ వేళ గుజరాత్ నుంచి తిరిగొచ్చిన మన మత్స్యకారుల్ని ఎలా చూశారో నీ వయసు వాళ్లకీ గుర్తుంటుంది.

ఫొటోల గురించి నువ్వు అడగలేదు, అయినా చెబుతా. స్కూలు గది కిటికీ ఊచలకి సెలైన్ సీసా కట్టి, బెంచీ మీద ముసలమ్మని పడుకోబెట్టిన దృశ్యం నీ కళ్లముందు ఉంటుంది. మంచాలు లేవన్నది అందులో ఉన్న వార్త. అది చూపించడానికి ఆమె మొహం అక్కర్లేదు. ఊచ, సీసా, బెంచీ, కాళ్లు చాలు. మెలకువలో ఉంటే అడిగి తియ్యి. పిల్లల మొహాలు అస్సలు వద్దు, తల్లి ఒప్పుకున్నా వద్దు. మనిషి మర్యాద పోయిన దృశ్యమే వార్త అయ్యే రోజూ ఒకటి వస్తుంది. 2020 జూన్‌లో పలాసలో కోవిడ్‌తో పోయిన పెద్దాయన దేహాన్ని జేసీబీలో తీసుకెళ్లిన వీడియో బయటికి రాకపోతే అధికారుల మీద వేటు పడేది కాదు. అక్కడా ఆయన మొహమో, కుటుంబం ఏడుపో చూపించాల్సిన పని లేదు. శవం ముట్టుకుంటే అంటుకుంటుందన్న భయం నిజంగా ఎంతవరకు సబబో పక్కనే ఒక డాక్టరు చేత చెప్పించిన వార్తలు మాత్రం ఆ రోజుల్లో తక్కువే వచ్చాయి.

వాట్సాప్ వాయిస్‌ని హెడ్డింగ్ చేయకు. ‘ట్యాంకులో విషం కలిపారా?’ అని ప్రశ్నార్థకం పెట్టి తప్పించుకోవడం మన వృత్తిలో అందరికీ తెలిసిన పాత చిట్కానే. చదివేవాడు ప్రశ్న గుర్తు చూడడు. ముందు తెలిసిన నిజం రాయి: నీటి నమూనాలు ఫలానా రోజు తీశారు, ఇంతవరకు ఇది తేలింది. ఆ తర్వాత, ప్రచారం జరుగుతోంది కానీ ఆధారం దొరకలేదని పోలీసులో, తహసీల్దారో చెప్పిన మాట ఒక్క వాక్యం. ‘అంతుచిక్కని వ్యాధి’, ‘వింత జబ్బు’ అన్న మాటలు మన జిల్లాల్లో మరీ ప్రమాదం. ఏజెన్సీ వైపు కారణం తెలియని చావులు వరసగా వస్తే చిల్లంగి (చేతబడి) పెట్టారని అనుమానించి మనిషిని కొట్టి చంపిన ఘటనలు నీకు తెలియనివి కావు. 2020 డిసెంబరులో ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోతే టీవీలన్నీ వింత వ్యాధి అని ఊదరగొట్టాయి. తీరా చూస్తే రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నట్టు ఎయిమ్స్ పరీక్షల్లో వచ్చింది. అంటువ్యాధే కాదు. 2025 జనవరిలో జలుబు, దగ్గు తెచ్చే హెచ్‌ఎంపీవీని ‘కొత్త వైరస్’ అన్నారు, అది 2001లోనే కనుక్కున్నది. కారణం ఇంకా తెలియకపోతే ‘కారణం ఇంకా తెలియలేదు, ఫలానా పరీక్షలు జరుగుతున్నాయి’ అని రాస్తే చాలు.

నీకు లోపలి సంగతులు చెప్పే ఏఎన్ఎంనో, ఆశా కార్యకర్తనో కాపాడుకోవడం మరో పని. ‘పేరు చెప్పడానికి ఇష్టపడని ఏఎన్ఎం’ అని రాసి పేరు దాచాననుకుంటావు. ఆ సబ్‌సెంటర్‌కి ఉన్నదే ఒక్క ఏఎన్ఎం. రేపు పొద్దున్నే ఆమెకి మెమో. ‘ఆరోగ్య శాఖ వర్గాలు’ అని రాయి, లేదా ఆమె చెప్పిన దాన్ని ఇంకో చోట ధ్రువీకరించుకుని ఆ చోటు పేరు రాయి.

డెస్క్‌కి ఏం చెప్పాలంటావా? ‘కలరా అని పెడితే ల్యాబ్ రిపోర్టు అడుగుతారు, నా దగ్గర లేదు. చివరి కుళాయిలో క్లోరిన్ లేదన్న వార్త, మురుగులోంచి వెళ్తున్న పైపు ఫొటో ఉన్నాయి, వేరే పేపర్ల దగ్గర లేవు’ అను. డెస్క్‌కి కావాల్సింది పక్క పేపర్లో లేని ముక్క, అది కలరాయే అవ్వాలని వాళ్లకీ ఏమీ లేదు. హెడ్డింగ్ నీ చేతిలో ఉండదని తెలుసు. అందుకే కాపీతో పాటు నువ్వే ఒక హెడ్డింగ్ పెట్టి పంపు. ‘మంచం పట్టిన పల్లె’, ‘డయేరియా పంజా’ అన్నవి ఎవరూ ఆలోచించి పెట్టేవి కావు. రాత్రి పదకొండుకి పేజీ వదలాలన్న తొందరలో చేతికి అందినవి. ముందే ఒకటి చేతికి ఇస్తే చాలాసార్లు అదే వెళ్లిపోతుంది. ఇంకా మొండికేస్తే, విపత్తు నిర్వహణ చట్టం 2005లో సెక్షన్ 54 కింద తప్పుడు హెచ్చరికతో జనాన్ని భయపెడితే ఏడాది దాకా జైలు ఉందని గుర్తు చెయ్యి. మరీ అవసరమైతే తప్ప ఆ మాట తియ్యకు, ఆ సెక్షన్ రేపు నీ మీదే వాడాలనుకునే అధికారీ ఉంటాడు.

మీ మేనత్త ఇల్లు ఆ ఊళ్లోనే ఉందన్నావు. ఆ సంగతి డెస్క్‌కి చెప్పి ఉంచు, దాచాల్సిందేమీ లేదు. వెళ్లినప్పుడు నీ నీళ్ల సీసా నువ్వే పట్టుకెళ్లు, ఎంత మొహమాటపెట్టినా అక్కడ మజ్జిగ తాగకు, చేతులు సబ్బుతో కడుక్కోకుండా ఏమీ తినకు. రోగి పక్కన కూర్చుని మాట్లాడితే రాదు, భయపడకు.

పది రోజులకి ఊరు ఖాళీ అవుతుంది. శిబిరం ఎత్తేస్తారు, నాయకులు వెళ్లిపోతారు, డెస్క్ ఇంకో ఊరి గురించి అడుగుతుంది. నువ్వు అప్పుడు ఒకసారి మళ్లీ వెళ్లు. 2021-26 సంవత్సరాలకి 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకి ఇచ్చిన డబ్బులో 60 శాతం నీళ్లకి, పారిశుద్ధ్యానికే ఖర్చుపెట్టాలన్న షరతు పెట్టారు. ఆ ఊరికి ఎంత వచ్చింది, దేనికి పోయింది, ఆ పైపుకి అంచనా ఎప్పుడు వేశారు, ఎక్కడ ఆగింది అని సమాచార హక్కు చట్టం కింద అడుగు. మామూలుగా ముప్పై రోజులు, ప్రాణానికి సంబంధించిన సమాచారమని కారణం చూపితే 48 గంటల్లో ఇవ్వాలని సెక్షన్ 7 చెబుతోంది. పంచాయతీ స్థాయిలో దరఖాస్తుకి రుసుము కూడా లేదు. కార్యదర్శి చేతికి ఇచ్చి, తేదీ వేయించి రసీదు తీసుకో. ‘తర్వాత ఇస్తాను’ అంటే అక్కడే కూర్చో.